పిల్లల షుగర్ గ్రూపును వాట్సాప్ నుంచి మార్చేయాలా?

ప్రశ్న

"పేరు, ఊరు ఏదీ వేయకండి" అన్న మాటతోనే ఈ ఉత్తరం మొదలైంది. అందుకే కోస్తాలో ఒక చిన్న పట్టణం అని మాత్రం చెప్పుకుందాం. రాసినావిడ కూతురికి ఏడో ఏట టైప్-1 షుగర్ బయటపడింది. ఇప్పుడు పాపకు పదమూడు. ఆస్పత్రి వరండాలో పరిచయమైన నలుగురు తల్లులు పెట్టుకున్న వాట్సాప్ గ్రూపు ఈ ఆరేళ్లలో 212 మందికి పెరిగింది. శ్రీకాకుళం నుంచి ఖమ్మం దాకా ఉన్నారు, దుబాయ్‌లో ఇద్దరు, డల్లాస్‌లో ఒకరు. ఏ షాపులో ఇన్సులిన్ స్టాకుంది, స్కూల్లో టీచరుకు ఎలా చెప్పాలి, పెళ్లి భోజనానికి వెళ్తే డోసు ఎలా చూసుకోవాలి, స్ట్రిప్పులు ఎక్కడ చవక... రోజంతా ఇవే మాటలు. ఈవిడా, అందరూ 'అక్క' అని పిలిచే ఒక రిటైర్డ్ నర్సూ అడ్మిన్లు.

పోయిన ఏడాది రెండు సంఘటనలు జరిగాయి. ఎవరో గ్రూపు ఇన్వైట్ లింకును సోషల్ మీడియాలో పెట్టారు. దాన్ని పట్టుకుని లోపలికి వచ్చిన ఒక పొడుల వ్యాపారి మెంబర్ల నంబర్లన్నీ చూసుకుని వరసపెట్టి ఫోన్లు చేశాడు. తన మూలికల పొడి వాడితే ఇన్సులిన్ మానేయొచ్చన్నాడు. ఒక కుటుంబం నమ్మింది. నాలుగు రోజులు తిరక్కుండానే పిల్లాడు ఐసీయూలో చేరాడు. అదృష్టం కొద్దీ బయటపడ్డాడు. రెండో సంఘటన తనను ఇంకా నిద్రపోనివ్వడం లేదంటున్నారు. గ్రూపులో ఒకావిడ కూతురికి సంబంధం దాదాపు ఖాయమైంది. పెళ్లికొడుకు పిన్ని, పొరుగింటి పిల్లాడి కోసమని గ్రూపులో చేరి, మెంబర్ల లిస్టులో కాబోయే వియ్యపురాలి పేరు చూసింది. సంబంధం తప్పిపోయింది. "నీ గ్రూపు వల్లే నా కూతురి బతుకు ఇలా అయింది" అని వాయిస్ మెసేజ్ పెట్టి ఆ తల్లి వెళ్లిపోయింది.

ఇది విని, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మేనల్లుడు రంగంలోకి దిగాడు. "అత్తా, వాట్సాప్ వాడితే ఇంతే. ఓపెన్ సోర్స్‌కి వచ్చేయండి" అని సొంత డబ్బుతో సర్వర్ అద్దెకు తీసుకుని, ఎలిమెంట్ అనే యాప్ మీద కొత్త గ్రూపు కట్టి ఇచ్చాడు. రెండు నెలల్లో 61 మంది వచ్చారు, మాట్లాడేది ఇరవై మంది. కొందరు యాప్ దొరకట్లేదన్నారు. ఫోన్ మార్చిన ఒకావిడకు పాత మెసేజ్‌లన్నీ తెరుచుకోకుండా పోయాయి. ఒక రాత్రి ఒక తల్లి, బాబుకు షుగర్ పడిపోతోందని కొత్త గ్రూపులో పెడితే తెల్లారేదాకా ఎవరూ చూడలేదు. బాబు బాగానే ఉన్నాడు గానీ ఆమె కోపం మాత్రం చల్లారలేదు. అక్కేమో "నాకీ కొత్త యాప్‌లు వద్దు, మీరు వెళ్తే వెళ్లండి" అంది. మేనల్లుడు ముభావంగా ఉంటున్నాడు. భర్త "ఎందుకొచ్చిన తలనొప్పి, రేపు పోలీసు కేసంటూ వస్తే అడ్మిన్‌వి నువ్వే, మూసెయ్" అంటున్నారు.

"మా మేనల్లుడు చెప్పేది నిజమేనా? నిజమైతే ఇంతమందిని ఎలా ఒప్పించను? కాకపోతే వాడి మనసు కష్టపెట్టకుండా ఎలా వెనక్కి రాను? అసలు గ్రూపే మూసేస్తే మంచిదా?" ఇదీ ప్రశ్న.

సమాధానం

ముందు ఆ రెండు సంఘటనలనూ విడదీసి చూద్దాం. మీ ఉత్తరంలో అవి ఒకే ముద్దగా ఉన్నాయి, మీ మేనల్లుడి మాటల్లోనూ అంతే.

పొడుల వ్యాపారి మీ మెసేజ్‌లను దొంగచాటుగా చదవలేదు. లింకు బయట పడి ఉంది, నొక్కాడు, వచ్చాడు. వాట్సాప్ గ్రూపులో ఎవరు చేరినా మిగతా అందరి నంబర్లూ కనిపిస్తాయి, రాసుకున్నాడు. పెళ్లికొడుకు పిన్ని కూడా అంతే. ఆవిడ ఏ మెసేజూ చదవక్కర్లేకపోయింది, లిస్టు చాలింది. అంటే మీకు నష్టం చేసినవి తలుపు దగ్గర ఎవరూ లేకపోవడం, నంబర్లు అందరికీ కనిపించడం. ఈ రెంటిలో మొదటిది ఏ యాప్‌కి మారినా మీ చేతిలోనే ఉంటుంది. రెండోది మాత్రం నిజంగా యాప్‌ను బట్టి మారుతుంది. మేనల్లుడు యాప్ మార్చమనడంలో న్యాయం ఉన్నది ఇక్కడే. కానీ అతను చెప్పిన కారణం వేరు.

"వాట్సాప్ వాళ్లు మన మాటలన్నీ చదువుతారు" అన్నది అతని వాదనైతే, అది సరికాదు. 2016 నుంచి వాట్సాప్ మెసేజ్‌లు పంపినవారి ఫోన్లో తాళం పడి, అందుకున్నవారి ఫోన్లోనే తెరుచుకుంటాయి. ఆ తాళం తయారుచేసింది సిగ్నల్ అనే ఇంకో యాప్ వాళ్లే. అయితే ఎవరు ఏ గ్రూపులో ఉన్నారు, ఎప్పుడు ఎవరితో మాట్లాడుతున్నారు, గ్రూపు పేరేమిటి అన్నవి కంపెనీకి తెలుస్తాయి. దాని యజమాని మెటా, అంటే ఫేస్‌బుక్. 2021 జనవరిలో ప్రైవసీ పాలసీ మార్పు గురించి గొడవై లక్షలాది మంది వేరే యాప్‌లు వెతుక్కున్నది ఇలాంటి సమాచారం గురించే. మీ గ్రూపు పేరులోనే 'షుగర్' ఉందని రాశారు. జబ్బు పేరు చెప్పే గ్రూపులో ఉన్నారంటే ఇక మెసేజ్ చదవాల్సిన పనేముంది?

ఓపెన్ సోర్స్ అంటే యాప్ లోపలి కోడ్ అందరికీ కనిపిస్తుంది. తెలిసినవాళ్లు తెరిచి చూసి తప్పుంటే పట్టుకోగలరు. ఒక కంపెనీ రేపు షరతులు మార్చినా, దుకాణం మూసేసినా, ఆ కోడ్‌తో ఇంకొకరు నడపగలరు. ఇది చిన్న విషయం కాదు, మేనల్లుడి ఉత్సాహం ఊరికే వచ్చింది కాదు. కానీ ఎంత మంచి తాళమైనా మీరు ఇంట్లోకి పిలిచి కూర్చోబెట్టిన మనిషి చూసింది బయట చెప్పకుండా ఆపలేదు. 212 మందిలో ఒకరు స్క్రీన్‌షాట్ తీసి చెల్లెలికి పంపితే ఆపగలిగే యాప్ ప్రపంచంలో లేదు. ఫోన్లో స్క్రీన్‌షాట్ ఆపినా ఇంకో ఫోన్‌తో ఫొటో తీస్తారు. దీన్ని గ్రూపులో కూడా ఒకసారి చెప్పండి. "ఇది సేఫ్ యాప్" అన్న ధైర్యంతో జనం ఇంకా ఎక్కువ బయటపెట్టుకుంటే మొదటికే మోసం.

సరే, యాప్ మారినా మారకపోయినా ఈ సాయంత్రమే చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. పాత ఇన్వైట్ లింకును రీసెట్ చేయండి, బయట తిరుగుతున్నది చచ్చిపోతుంది. కొత్తవాళ్లు ఎవరొచ్చినా అడ్మిన్ ఒప్పుకోవాలన్న సెట్టింగ్ ఆన్ చేయండి. మెంబర్లు వేరేవాళ్లను చేర్చే వీలు తీసేయండి. 'అడ్వాన్స్‌డ్ చాట్ ప్రైవసీ' అని 2025 ఏప్రిల్‌లో ఒకటి తెచ్చారు, దాన్ని ఆన్ చేస్తే మొత్తం చాట్‌ను ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసుకోవడం, పిల్లల రిపోర్టుల ఫొటోలు వాటంతటవే అందరి గ్యాలరీల్లోకి దిగడం ఆగుతాయి. చేరాలనుకున్నవాళ్లతో మీరో అక్కో రెండు నిమిషాలు ఫోన్లో మాట్లాడండి: పిల్లాడి వయసెంత, ఏ డాక్టర్ దగ్గర చూపిస్తున్నారు, ఏ ఇన్సులిన్ వాడుతున్నారు. టైప్-1 పిల్లాడి తల్లి ఈ మూడింటికీ తడుముకోకుండా జవాబిస్తుంది. "మా పొరుగింటివాళ్ల అబ్బాయి కోసం" అన్నవాళ్లకు, ఆ పొరుగింటి తల్లినే ఫోన్ చేయమని చెప్పండి. ఈ ఒక్క పద్ధతి ఉండుంటే ఆ రెండు సంఘటనలూ దాదాపుగా జరిగేవి కావు.

గ్రూపు పేరు, సిరంజి బొమ్మ కూడా తీసేయండి. ఫోన్ టీపాయ్ మీద పెట్టి కాఫీ తేవడానికి లోపలికి వెళ్తే, వచ్చిన చుట్టానికి స్క్రీన్ మీద వెలిగే పేరు 'షుగర్ పిల్లల తల్లులు' అయితే ఇక దాచేదేముంది? 'శనివారం కబుర్లు' అని పెట్టుకోండి, ఎవరికీ అనుమానం రాదు.

ఇక యాప్‌ల సంగతి. మీ మేనల్లుడు కట్టిన దాని గురించి కాస్త ఎక్కువ మాట్లాడాలి, ఎందుకంటే మీరు ఇరుక్కున్నది అక్కడ.

ఎలిమెంట్ వెనకున్న పద్ధతి పేరు మ్యాట్రిక్స్. 2014లో మొదలైంది. ఈమెయిల్‌లాగా ఎవరి సర్వర్ వాళ్లు పెట్టుకోవచ్చు, ఒక సర్వర్‌లో ఉన్నవాళ్లు ఇంకో సర్వర్‌వాళ్లతో మాట్లాడుకోవచ్చు. ఫోన్ నంబరు అక్కర్లేదు, ఒక పేరు చాలు. మీకు కావలసింది సరిగ్గా ఇదే కదా అనిపిస్తుంది. ఫ్రాన్స్ ప్రభుత్వం తన ఉద్యోగుల కోసం 'ట్చాప్' అనే యాప్‌ను దీని మీదే కట్టుకుని 2019లో విడుదల చేసింది. జర్మనీ సైన్యం కూడా దీన్నే వాడుతోంది. కాబట్టి మీవాడు పనికిరాని వస్తువేమీ తేలేదు. కానీ ఆ ప్రభుత్వాలు దాన్ని చూసుకోవడానికి జీతాలిచ్చి మనుషులను పెట్టుకున్నాయి. మీ గ్రూపుకు ఉన్నది ఆఫీసు అయ్యాక రాత్రి పదింటికి కూర్చునే ఒక్క అబ్బాయి.

సర్వర్ అంటే ఒకసారి పెట్టి వదిలేసేది కాదు. అప్‌డేట్లు చేయాలి, బ్యాకప్ తీయాలి, డిస్క్ నిండిపోకుండా చూడాలి, డొమైన్‌కు ఏటా డబ్బు కట్టాలి. మ్యాట్రిక్స్‌ను పుట్టించినవాళ్లు సొంతంగా నడిపే సర్వరే 2025 సెప్టెంబరులో డేటాబేస్ దెబ్బతిని దాదాపు ఒక రోజంతా పనిచేయలేదు. అలాంటిది మీవాడికి పెళ్లి కుదిరి, లేదా కంపెనీ వాళ్లు అమెరికా పంపించి, మూడు నెలలు సర్వర్ వైపు చూసే తీరిక లేకపోతే? అక్కడ మీ ఖాతా పేరులోనే ఆ సర్వర్ పేరు ఉంటుంది. సర్వర్ పోతే ఖాతా పోయినట్టే, అదే ఖాతాను ఇంకోచోటికి తీసుకెళ్లలేరు. అదీగాక, మెసేజ్‌లు తాళంలోనే ఉన్నా, గ్రూపు పేరు, అందులో ఎవరెవరున్నారన్న లిస్టు సర్వర్ నడిపేవాడికి కనిపిస్తాయి. మీ మేనల్లుడు బంగారం, నేను కాదనను. కానీ 212 కుటుంబాల గుట్టు ఒక కుర్రాడి భుజాల మీద పెట్టడం అతనికీ మంచిది కాదు.

ఫోన్ మార్చినావిడకు పాత మెసేజ్‌లు ఎందుకు తెరుచుకోలేదంటే, మొదట్లో ఒక పొడవాటి రికవరీ కీ ఇచ్చి భద్రంగా రాసిపెట్టుకోమంటుంది ఆ యాప్. ఎవరు రాసిపెట్టుకుంటారు? 'స్కిప్' నొక్కేస్తాం. కీ లేకుండా కొత్త ఫోన్లో పాత మాటలు రావు. అది యాప్ లోపం కాదు, తాళం గట్టిదైతే అలాగే ఉంటుంది. అయినా పిల్లాడి డోసు వివరాలు అందులో ఉన్న తల్లికి ఈ మాట ఓదార్పు కాదు.

యాప్ దొరకట్లేదన్నవాళ్ల సంగతి ఇంకొకటి. 2023 మేలో కేంద్ర ప్రభుత్వం, జమ్మూకశ్మీర్‌లో ఉగ్రవాదులు వాడుతున్నారన్న కారణంతో, ఐటీ చట్టం 69ఏ సెక్షన్ కింద 14 మెసేజింగ్ యాప్‌లను బ్లాక్ చేసింది. ఆ జాబితాలో ఎలిమెంట్ ఉంది, బ్రయర్ అనే ఇంకో ఓపెన్ సోర్స్ యాప్ కూడా ఉంది. మీవాళ్లకు ఎదురైన ఇబ్బందికి అదే కారణం కావచ్చు. ఆ నిర్ణయం మంచిదని నేను అనుకోవడం లేదు, దాన్ని కోర్టులో సవాలు చేసినవాళ్లూ ఉన్నారు. కానీ ఆ పోరాటాన్ని ఇన్సులిన్ పెన్ను కోసం వెతుక్కునే తల్లుల నెత్తిన పెట్టడం భావ్యం కాదు. మ్యాట్రిక్స్‌కు ఫ్లఫీచాట్ లాంటి వేరే యాప్‌లు ఉన్నాయని మేనల్లుడు అంటాడు, నిజమే. అయినా సర్వర్ ఎవరు చూసుకుంటారన్న ప్రశ్న అలాగే ఉంటుంది.

మీకు దగ్గరగా సరిపోయేది సిగ్నల్ అని నా అభిప్రాయం. ఇదీ ఓపెన్ సోర్సే. నడిపేది లాభాపేక్ష లేని సంస్థ. వాట్సాప్‌ను స్థాపించిన ఇద్దరిలో ఒకరైన బ్రయాన్ ఆక్టన్ బయటికొచ్చి 2018లో 5 కోట్ల డాలర్లు పెట్టి ఆ సంస్థకు పునాది వేశారు. ప్రకటనలు లేవు, విరాళాల మీద నడుస్తుంది. సర్వర్ మీరు చూసుకోనక్కర్లేదు. చూడ్డానికి వాట్సాప్‌లాగే ఉంటుంది, వాయిస్ మెసేజ్‌లు, ఫొటోలు, గ్రూపు కాల్స్ అన్నీ ఉన్నాయి. ఒక గ్రూపులో వెయ్యి మంది దాకా ఉండొచ్చు. గ్రూపు పేరు, మెంబర్ల లిస్టు సిగ్నల్ సంస్థకే కనిపించకుండా తాళంలో ఉంటాయి. ముఖ్యంగా, 2024 నుంచి మీ నంబరు గ్రూపులో మిగతావాళ్లకు కనిపించదు. మీరు పెట్టుకున్న పేరు మాత్రమే కనిపిస్తుంది. 'చిన్ని వాళ్లమ్మ' అని పెట్టుకోవచ్చు, ఫొటో బదులు మల్లెపువ్వు పెట్టుకోవచ్చు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, జాగ్రత్తగా వినండి. నంబరు దాచే సెట్టింగులు రెండు. నా నంబరు ఎవరికి కనిపించాలి అన్నది ఒకటి, నంబరుతో నన్ను ఎవరు వెతకగలరు అన్నది ఇంకొకటి. మొదటిది ముందే 'ఎవరికీ వద్దు' అని ఉంటుంది, రెండోది 'అందరూ' అని ఉంటుంది. అలాగే వదిలేస్తే, మీ నంబరు ఫోన్లో సేవ్ చేసుకున్న చుట్టానికి మీరు సిగ్నల్‌లో చేరినట్టు తెలుస్తుంది, గ్రూపులో కూడా గుర్తుపడుతుంది. పెళ్లికొడుకు పిన్ని కథ మళ్లీ మొదలు. కాబట్టి ఖాతా తెరిచేటప్పుడే రెండోదాన్ని కూడా 'ఎవరూ వద్దు'కి మార్చాలి. దీనివల్ల మీ స్నేహితులు కూడా నంబరుతో మిమ్మల్ని సిగ్నల్‌లో వెతకలేరు. ఈ గ్రూపు కోసమే యాప్ పెట్టుకున్నవాళ్లకు అది నష్టమేం కాదు.

సిగ్నల్‌కూ లోటుపాట్లు ఉన్నాయి. ఖాతా తెరవడానికి ఫోన్ నంబరు కావాలి, దాచిపెడుతుందంతే. బటన్ ఫోన్లో రాదు. బ్యాకప్ పెట్టుకోకుండా ఫోన్ పోగొట్టుకుంటే పాత మాటలు తిరిగి రావు. 2021 జనవరిలో జనం ఒక్కసారిగా వచ్చిపడినప్పుడు అది ఒక రోజు కూలబడింది. 2025 అక్టోబరు 20న అమెజాన్ సర్వర్లకు సమస్య వచ్చినప్పుడు సిగ్నల్ కూడా ఆగింది. అలాగని వాట్సాప్ ఆగదని కాదు, 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లతో కలిసి దాదాపు ఆరు గంటలు ఆగిపోయింది. ఇక అసలు కష్టం జనం. 212 మందీ రారు. మొదటి నెలలో సగం మంది వస్తే గొప్ప. ఈ మాట ముందే అనుకుని దిగితే నిరాశ ఉండదు.

గ్రూపులో ఎవరో ఒకరు "టెలిగ్రామ్‌లో నంబరు కనిపించదుగా" అంటారు. కనిపించకుండా పెట్టుకోవచ్చు, నిజమే. దాని యాప్ కోడ్ కూడా బయట ఉంది. కానీ సర్వర్ కోడ్ లేదు, పైగా టెలిగ్రామ్ గ్రూపు మెసేజ్‌లకు వాట్సాప్‌కున్న పాటి తాళం కూడా లేదు, అవి కంపెనీ సర్వర్‌లో కంపెనీ తెరవగలిగే తీరులోనే ఉంటాయి. ఇంకొకరు "మనవాళ్లది అరట్టై ఉందిగా" అంటారు. జోహో వాళ్ల యాప్ స్వదేశీదే, కానీ ఓపెన్ సోర్స్ కాదు. స్వదేశీ కావాలా, ఓపెన్ సోర్స్ కావాలా, నంబరు కనిపించకుండా ఉండటం కావాలా అన్నవి మూడు వేరువేరు కోరికలు. మీకు కావలసింది మూడోది. ఆ సంగతి గుర్తుంచుకుంటే గ్రూపులో వాదనలు సగం తగ్గుతాయి.

పెళ్లీడు ఆడపిల్లలున్న తల్లులు కొందరు ఏ పెద్ద గ్రూపులోనూ ఉండటానికి భయపడుతున్నారని రాశారు. వాళ్ల కోసం డెల్టా చాట్ చూడండి. ఫోన్ నంబరు అసలే అడగదు, ఒక పేరు రాస్తే ఖాతా తయారు. ఎదురెదురుగా కూర్చుని ఒకరి ఫోన్లో క్యూఆర్ కోడ్‌ను ఇంకొకరు స్కాన్ చేసుకుంటే చాలు. కానీ అందులో అడ్మిన్ అనేవాళ్లే ఉండరు. గ్రూపులో ఎవరైనా ఎవరినైనా చేర్చొచ్చు, తీసేయొచ్చు. కాబట్టి ఒకరినొకరు ఎరిగిన పది పన్నెండు మందికి బాగుంటుంది, రెండొందల మందికి పనికిరాదు. (ఆ పెళ్లి సంగతి మీరు అడగలేదు గానీ ఒక్క మాట. జబ్బు దాచి పెళ్లి చేయాలని నేను అనను. ఎవరికి, ఎప్పుడు, ఎలా చెప్పాలో ఆ అమ్మాయే తేల్చుకుని తన నోటితో చెప్పాలి, మెంబర్ల లిస్టు చూసి తెలియకూడదు.)

ఒకే ప్రశ్న వందసార్లు వస్తోందన్న మీ విసుగుకు కూడా ఓపెన్ సోర్స్‌లో మందుంది. జూలిప్ అని ఒకటి ఉంది, అందులో ప్రతి సంభాషణా ఒక అంశం కింద కూర్చుంటుంది. 'జ్వరం రోజులు', 'స్కూలు ఉత్తరం' అని తెరిస్తే పాతవన్నీ ఒకచోట దొరుకుతాయి. కాకపోతే సర్వర్ నడిపేవాళ్లకు మెసేజ్‌లు కనిపిస్తాయి, వాడకం నేర్చుకోవడానికి ఓపిక కావాలి. మీకు అంత అవసరం లేదనిపిస్తోంది. అక్కతో కూర్చుని, డాక్టర్‌గారికి ఒకసారి చూపించి, నాలుగు పేజీల పీడీఎఫ్ తయారుచేసి గ్రూపు పైన పిన్ చేయండి.

రాత్రి జవాబు రాని విషయం దగ్గర ఆగాలి. ఆ తల్లి కోపం న్యాయమే, కానీ తప్పు కొత్త యాప్‌ది కాదు. గ్రూపు రెండు ముక్కలై, ఏ ముక్కలో అడగాలో తెలియని స్థితి వచ్చింది. వాట్సాప్‌లోనే ఉన్నా తెల్లవారుజామున మూడింటికి ఎవరో ఒకరు లేచి ఉంటారన్న హామీ ఎప్పుడూ లేదు. ఏ గ్రూపైనా పైన ఈ మాట ఉండాలి: "షుగర్ పడిపోతే ఇక్కడ టైప్ చేస్తూ కూర్చోకండి. స్పృహలో ఉంటే వెంటనే గ్లూకోజ్ లేదా చక్కెర నీళ్లు ఇవ్వండి, స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి." దాని కింద, రాత్రి ఫోన్ చేసినా ఫరవాలేదన్న ఇద్దరు ముగ్గురి నంబర్లు, వాళ్లు ఒప్పుకుంటేనే, పెట్టండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు. వాట్సాప్‌లోనే ఉండిపోయి, పైన చెప్పిన సెట్టింగులు, చేర్చుకునే పద్ధతి మార్చడం ఒకటి. ఎవరూ విడిపోరు, రాత్రి అడిగినా చూసేవాళ్లు ఎక్కువ. కానీ లోపలున్న 212 మందికి ఒకరి నంబరు ఒకరికి కనిపిస్తూనే ఉంటుంది, వెళ్లిపోయిన ఆ తల్లి లాంటివాళ్లు తిరిగి రారు. అందరినీ ఒక తేదీ పెట్టి సిగ్నల్‌కు తరలించి వాట్సాప్ మూసేయడం రెండో దారి. శుభ్రంగా ఉంటుంది, కానీ కొత్త యాప్ పెట్టుకోలేని తల్లులు, అంటే మీ అవసరం అందరికన్నా ఎక్కువున్నవాళ్లు, బయట మిగిలిపోతారు. మూడోది, వాట్సాప్ గ్రూపును కమ్యూనిటీగా (గ్రూపులను ఒకే గొడుగు కిందకు తెచ్చే ఏర్పాటు) మార్చి, దాని ప్రకటనల గ్రూపులో అందరినీ ఉంచడం. అందులో అడ్మిన్లే పోస్ట్ చేస్తారు, మామూలు మెంబర్ల నంబర్లు తెలియనివాళ్లకు కనిపించవు. స్టాకు వివరాలు, పీడీఎఫ్, డాక్టర్ క్యాంపు తేదీ అక్కడ పెట్టి, మాట్లాడుకోవడానికి సిగ్నల్ గ్రూపుకు రమ్మనడం. మీ స్థానంలో నేనుంటే ఈ మూడోదాని వైపే మొగ్గుతాను. దీనికీ ఖర్చుంది: రెండు చోట్లా చూసుకోవాలి, అడ్మిన్ల పని పెరుగుతుంది, ఇంకో ఇద్దరు అడ్మిన్లు లేకుండా మొదలుపెట్టకండి. ఏ దారి పట్టినా, కొత్త చోట మాటలు కుదురుకునేదాకా పాత గ్రూపును మూసేయకండి.

మీవారి పోలీసు భయానికి సమాధానం ఉంది. మెంబర్ పెట్టిన పోస్టుకు, కేవలం అడ్మిన్ అయినందుకు అడ్మిన్‌ను నేరానికి బాధ్యులను చేయలేమని 2021లో బాంబే హైకోర్టు, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి. నిజానికి కేసు పెట్టాల్సింది ఆ పొడుల వ్యాపారి మీద. మధుమేహాన్ని నయం చేస్తామని మందులను ప్రచారం చేయడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నిషేధం. అతని ఫోన్ నంబరు, పంపిన మెసేజ్‌లు మీ దగ్గరుంటే, ఐసీయూ బిల్లుతో సహా డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు రాసివ్వమని ఆ కుటుంబానికి చెప్పండి. గ్రూపు మూసేయడం మీ ఇష్టం, అలసిపోతే అందులో తప్పు లేదు. కానీ భయంతో మాత్రం మూయకండి. మీరు మూసిన మర్నాడు ఇంకెవరో తెరుస్తారు, ఆ తలుపు దగ్గర నిలబడేది ఆ వ్యాపారే కావచ్చు.

అక్క "నాకు వద్దు" అన్నది యాప్‌ను కాకపోవచ్చు. ఆరేళ్లుగా రాత్రిళ్లు జవాబులిచ్చిన మనిషిని అడక్కుండా అబ్బాయి కొత్త గ్రూపు కట్టేసి, ఇక ఇక్కడికి రండి అన్నాడు. ఆవిడకు ఏ యాప్ మంచిదో చెప్పకండి. ఎవరిని చేర్చుకోవాలి, ఎవరిని వద్దనాలి అన్నది ఆవిడ చేతిలో పెట్టండి. నర్సుగా జీవితమంతా పనిచేసినావిడ, ఫోన్లో రెండు మాటలు విని అసలు తల్లెవరో నకిలీ ఎవరో చెప్పేస్తుంది.

మేనల్లుడికి అబద్ధం చెప్పకండి. "నీ సర్వర్ బాగాలేదు" అనకండి, బాగానే ఉంది. "నీ ఒక్కడి మీద ఇంత బరువు పెట్టలేను" అనండి, అది నిజం కూడా. వచ్చిన 61 మందికీ నెల రోజుల ముందే చెప్పి, కావలసినవి దాచుకోమని, ఆ తర్వాతే సర్వర్ ఆపమనండి. వెళ్లిపోయిన తల్లికి గ్రూపు లింకు పంపకండి, యాప్ గురించి కూడా రాయకండి. ఒకసారి ఇంటికి వెళ్లి రండి. తిడితే వినండి. లిస్టులో పేర్లు కనిపించకుండా ఏం చేశారో ఆవిడ అడిగితేనే చెప్పండి.

నెలకోసారి పిల్లల షుగర్ క్లినిక్ రోజున తల్లులంతా అదే ఆస్పత్రికి వస్తారని రాశారు. మేనల్లుడిని ఆ రోజు సెలవు పెట్టి రమ్మనండి. వరండాలో ఒక బెంచీ, ఒక ఛార్జర్, అతనూ. డాక్టర్ పిలిచేలోగా ఒక్కొక్కరి ఫోన్ తీసుకుని సిగ్నల్ పెట్టి, ఆ రెండు సెట్టింగులూ సరిచూసి, సిగ్నల్ అడిగే పిన్ నంబరు వాళ్ల ఇన్సులిన్ నోట్‌బుక్ వెనక అట్ట మీద వాళ్ల చేతే రాయించి ఇవ్వమనండి.